రోగరహస్యాన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

గౌతమి, వసిష్ఠ నదీపాయల నడుమ వెలసిన కోనసీమ కొబ్బరితోటలకు, వరిచేలకు, పంటకాలువలకు ఆటపట్టు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఏ ఊరికి వెళ్లినా ముందుగా పలకరించేది నీరే. ఆ నీరే అక్కడి ప్రజలకు అన్నం పెట్టింది. ఆ నీరే ఊరి మురుగులో నిలిచిపోయిన చోట దోమలను పెంచి, తరతరాలుగా బోదకాలు వ్యాధిని కూడా తెచ్చిపెట్టింది. ఏనుగు కాలువలె వాచిన కాలితో కదలలేక, నలుగురిలోకి రాలేక, పనికి దూరమై జీవితాలు వెళ్లదీసిన వారెందరో గోదావరి సీమలో ఉన్నారు.

ఈ వ్యాధికి కారణం ఫైలేరియా అనే సన్నని దారం వంటి క్రిమి. దాని పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి ఉంటాయి. రాత్రి దోమలు కుట్టే వేళకు చర్మానికి దగ్గరగా ఉన్న రక్తనాళాలలోకి చేరుకుంటాయి. అందుకే ఆరోగ్య కార్యకర్తలు పొద్దుపోయిన తరువాత ఇంటింటికీ వెళ్లి, నిద్రకు ఉపక్రమించిన వారిని లేపి, వేలిని సూదితో పొడిచి, రెండు మూడు రక్తపు చుక్కలను గాజుపలకపై సేకరించేవారు. కాలు వాచిన తరువాత రోగిని ఎవరైనా గుర్తించగలరు. వాపు రాకముందే, మనిషి ఆరోగ్యవంతునివలె తిరుగుతున్నప్పుడే, అతని ఒంట్లో శత్రువు ఉన్నదని చెప్పగలిగినది ఆ రక్తపు చుక్క ఒక్కటే. అలా గుర్తించిన వారికి ఇచ్చిన మందు డైఇథైల్ కార్బమజీన్. ప్రజలు దానిని డీఈసీ మాత్ర అంటారు.

ఆ మందును లోకానికి అందించిన పరిశోధన బృందానికి నాయకుడు వసిష్ఠకు ఆవలి సీమలో పుట్టిన తెలుగువాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. కంటికి కనబడని రోగాన్ని రక్తంలోని సూక్ష్మమైన మార్పుల ద్వారా గుర్తించడం, గుర్తించిన దానికి మందు వెదకడం ఆయన జీవితానికి రెండు చక్రాలు.

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవాడు. తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగం మానుకోవలసి రావడంతో కుటుంబానికి కష్టాలు మొదలయ్యాయి. రాజమహేంద్రవరంలో చదువుకుంటున్న బాలునికి చదువుమీద కంటె సంపాదన మీదకే మనసు పోయేది. 13 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతుడు కావాలన్నది ఆ పసివాని ఆలోచన. తల్లి దారిలోనే పట్టుకొని వెనక్కు తీసుకువచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పాడు. తల్లి పట్టు విడువలేదు. తన నగలమీద డబ్బు తెచ్చి కుమారుని మద్రాసు పంపింది. తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవ ప్రయత్నంలో ఆయన ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో రామకృష్ణ మఠం వైపు ఆయన మనసు మళ్లింది. సన్యసించాలనుకున్నాడు. తల్లి అందుకు ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనివానిని చేర్చుకోలేమని, వైద్యం చదివితే సేవ చేయవచ్చునని మఠం పెద్దలు హితవు చెప్పారు. ఆ విధంగా సన్యాసం తీసుకోబోయిన యువకుడు మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

ఇంతలో ఆ కుటుంబంపై పిడుగు పడింది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. ఈ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. శరీరం రోజురోజుకూ క్షీణిస్తుంది, రక్తం పలుచబడుతుంది. ఆనాడు దానికి కారణం ఎవరికీ తెలియదు. తెలియని రోగానికి మందు ఎక్కడినుండి వస్తుంది? వైద్యం చదువుతున్న సోదరుడు చేతులు కట్టుకొని చూడవలసి వచ్చింది. కొంతకాలానికి ఆ రోగమే ఆయనను కూడా పట్టుకున్నది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన కోలుకున్నాడు. కాని ఏ లోపం వలన ఆ రోగం వచ్చింది, ఏ పదార్థం తనను బ్రతికించింది అన్న ప్రశ్నలు ఆయనను విడువలేదు. ఆ రెండు ప్రశ్నలే తరువాతి జీవితాన్ని నడిపించాయి.

అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీజీ పిలుపుతో ప్రభావితుడైన సుబ్బారావు ఖద్దరుతో కుట్టించిన శస్త్రచికిత్స దుస్తులు ధరించి కళాశాలకు వెళ్లాడు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచించలేదు. పరీక్షలు బాగా వ్రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువస్థాయి దైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యసేవలో చేరే మార్గం మూసుకుపోయింది. లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధిస్తూ, అమెరికాకు వెళ్లి ఉష్ణమండల వ్యాధులను గురించి చదవాలని నిశ్చయించుకున్నాడు.

1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. అనపర్తికి చెందిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆయన ప్రయాణానికి ఆర్థికంగా చేయూతనిచ్చారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్ నగరంలో అడుగుపెట్టాడు. జేబులో డబ్బు లేదు. తన వైద్యపట్టాకు అక్కడ విలువ లేదు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యశాస్త్రం చదువుకుంటూ, పొట్ట పోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని కూడా చేశాడు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం చూసే భాగ్యం తండ్రికి కలుగలేదు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత ఆయన హార్వర్డు జీవరసాయనశాస్త్ర విభాగంలో చేరాడు. ఆ విభాగాధిపతి ఆటో ఫోలిన్. రక్తంలోని చక్కెర వంటి పదార్థాలను కొలిచే పద్ధతులకు ఫోలిన్ ప్రసిద్ధుడు. అక్కడే సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి సుబ్బారావు రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పని చేపట్టాడు.

రక్తంలో భాస్వరం ఉండేది బహుస్వల్పం. దానిని కంటితో చూడలేము, తూచలేము. ఫిస్కే, సుబ్బారావులు దానిని రంగుగా మార్చారు. రక్తంలోని మాంసకృత్తులను మొదట వేరుచేసి, మిగిలిన ద్రవానికి మాలిబ్డేటు అనే రసాయనాన్ని చేరుస్తారు. అది భాస్వరంతో కలుస్తుంది. ఆపై మరొక రసాయనం చేర్చగానే ద్రవం నీలిరంగును పొందుతుంది. భాస్వరం ఎక్కువగా ఉంటే నీలం చిక్కగా, తక్కువగా ఉంటే పలుచగా ఉంటుంది. ముందుగానే పరిమాణం తెలిసిన ద్రవపు రంగుతో పోల్చి చూస్తే రోగి రక్తంలోని భాస్వరం ఎంతో తేలిపోతుంది. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో భాస్వరం పెరుగుతుంది. రికెట్సు వ్యాధితో ఎముకలు మెత్తబడిన పిల్లలలో అది తగ్గుతుంది. ఎముకను కోసి చూడనక్కర లేకుండా, దాని స్థితిని గురించి రక్తాన్నే అడిగి తెలుసుకొనే మార్గం ఏర్పడింది. తరతరాల జీవరసాయనశాస్త్ర విద్యార్థులు ఈ పద్ధతిని ప్రయోగశాలలలో నేర్చుకున్నారు.

ఈ కొలతే మరొక పెద్ద ఆవిష్కరణకు దారితీసింది. కండరాల నుండి తీసిన ద్రవంలో నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. మరొకరైతే దానిని ప్రయోగదోషమని తీసిపారవేసేవారు. వీరు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో భాస్వరం మరొక పదార్థంతో జతకూడి ఉన్నదని, అది క్రమంగా విడిపోతున్నదని గ్రహించారు. ఆ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే అడినొసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే నేడు మనం ఏటీపీ అని పిలిచే పదార్థాన్ని గుర్తించినట్లు వారు ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు హార్వర్డు విశ్వవిద్యాలయం పిహెచ్.డి. పట్టా ఇచ్చింది. ఇంత చేసినప్పటికీ అక్కడ స్థిరమైన ఆచార్యపదవి మాత్రం ఆయనకు దక్కలేదు. ఆయన కృషిలో కొంతభాగం ఆ రోజులలో వెలుగు చూడక మరుగున పడిపోయిందని, తరువాత ఇతరులు దానిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని హార్వర్డులో ఆయన సహచరుడై, 1988లో నోబెల్ బహుమతి పంచుకున్న జార్జి హిచింగ్స్ తెలియజేశాడు.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. 1942 నాటికి అక్కడి పరిశోధనలకు సంచాలకుడయ్యాడు. సోదరులను పోగొట్టుకున్ననాటి ప్రశ్నకు సమాధానం వెదకే అవకాశం ఇన్నేళ్లకు లభించింది. స్ప్రూ రోగుల రక్తంలో ఎర్రకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో పెద్దవై, పక్వత చెందక ఉంటాయి. కాలేయంలో ఉండే ఏదో పదార్థం ఈ లోపాన్ని సరిచేస్తుందని వైద్యులు గమనించారు. ఆ పదార్థం కోసం సుబ్బారావు బృందం ఏళ్ల తరబడి శ్రమించింది. అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసినట్లు ఆ బృందం ప్రకటించింది. దానిని తీసుకున్న స్ప్రూ రోగుల రక్తంలో కొద్ది రోజులకే కొత్త ఎర్రకణాలు కనబడసాగాయి. రోగిలో బలం చేకూరుతున్నదని ముందుగా చెప్పినది రక్తమే. ఆ మందు సోదరులకు అందలేదు. వారివలె మరణించవలసిన ఎందరికో మాత్రం అందింది. నేడు మన గ్రామాలలో గర్భిణులకు ఇనుముతోపాటు ఇస్తున్న మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఒక పదార్థం రక్తకణాలు పెరగడానికి తోడ్పడితే, దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థం అదుపు తప్పి పెరిగే కణాలను ఆపగలదు కదా! ఈ ఆలోచన నుండి అమినోప్టెరిన్ పుట్టింది. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో మరణానికి చేరువైన చిన్నారులకు ఆ మందు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు అది ఆరంభం. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సరు చికిత్సలోను, కీళ్లను తినివేసే రుమటాయిడ్ కీళ్లవాతానికిను వాడుతున్నారు.

రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. మందు కావలసి వచ్చింది. సుబ్బారావు నాయకత్వంలో రెడ్జినల్ హ్యూయిట్ తదితరులు అనేక రసాయనాలను ఎలుకలమీద పరీక్షించి, 1947లో హెట్రజాన్‌ను వెలువరించారు. డీఈసీ అన్నది దీనినే. ప్యూర్టోరికోలో రోగులకు దీనిని ఇచ్చి, రక్తంలో క్రిమి పిల్లల సంఖ్య తగ్గుతున్నదా లేదా అని లెక్కించి దాని శక్తిని నిర్ధారించారు. ఈ మందుకు మరొక విశేషమున్నది. దీనిని కొద్ది మోతాదులో ఇస్తే, దాగి ఉన్న క్రిమి పిల్లలు పగటివేళ కూడా రక్తంలోకి వస్తాయి. అంటే మందే పరీక్షకు సాధనమైంది. వాచి గట్టిపడిన కాలును అది పూర్వస్థితికి తేలేదు. అందుకే వాపు రాకముందే రక్తపరీక్షతో గుర్తించడం అవసరం.

అదే ప్రయోగశాలలో సూక్ష్మజీవుల మీద మరొక పోరాటం సాగింది. పెన్సిలిన్‌కు లొంగని సూక్ష్మజీవులెన్నో ఉన్నాయి. విశ్వవిద్యాలయం నుండి పదవీవిరమణ చేసి, 70 ఏళ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు సుబ్బారావు విభాగంలో స్థానం లభించింది. డగ్గర్ వివిధ ప్రాంతాల మట్టిని తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో లభించిన ఒక సూక్ష్మజీవి బంగారు వన్నెగల పదార్థాన్ని తయారుచేస్తున్నదని 1945లో కనుగొన్నాడు. ఆ పదార్థానికి ఆరియోమైసిన్ అని పేరు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి సంతానం. 1948 జూలైలో న్యూయార్కులో దాని ఫలితాలను శాస్త్రలోకానికి వెల్లడించారు. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు ప్రజలను ఆదుకున్న మందులలో టెట్రాసైక్లిన్ ఒకటి.

ఆరియోమైసిన్ వెలుగు చూసిన కొద్దివారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు పెరల్ రివర్‌లోని తన నివాసంలో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. మాతృదేశం స్వతంత్రమై ఏడాది కూడా నిండలేదనిపించేంత కాలమే గడిచింది. 1922లో విడిచిన గోదావరి సీమను ఆయన మళ్లీ చూడలేదు. నగలు తాకట్టుపెట్టి చదివించిన తల్లిని, ఎదురుచూపులతో యౌవనమంతా గడిపిన భార్యను మళ్లీ కలుసుకోలేదు. లోకానికి దక్కిన మేలు వెనుక ఆ ఇద్దరు స్త్రీలు చెల్లించిన మూల్యం కూడా ఉన్నదని మనం మరువరాదు. ఆయన ఆవిష్కరణల కీర్తి చాలావరకు సహచరులకే చెందింది. తనను గురించి చెప్పుకొనే అలవాటు ఆయనకు లేదు. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరుమీదుగా సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్లను విడుదల చేసింది.

ఆయన నడిచిన మార్గం వైద్యంలో ఎంత దూరం సాగిందో తెలుసుకోవడానికి నేటి ఉదాహరణ ఒకటి చూద్దాం. అరిగిపోయిన మోకాలికి బదులు లోహంతో, ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ కీలును అమర్చడం ఇప్పుడు మన ప్రాంతపు వృద్ధులకు కూడా తెలిసిన చికిత్స. అరుదుగా ఆ కీలుమీద సూక్ష్మజీవులు చేరి, సన్నని పొర కప్పుకొని దాగి ఉంటాయి. పైకి వాపు, జ్వరం కనబడకపోవచ్చు. నడిస్తే నొప్పి ఒక్కటే ఉంటుంది. కీలు వదులైనందువలన నొప్పియా, సూక్ష్మజీవుల వలన నొప్పియా అన్నది తేలాలి. ఎందుకంటే రెండింటికీ చికిత్సలు వేరు. అప్పుడు వైద్యులు మొదట అడిగేది రక్తాన్నే. శరీరంలో ఎక్కడ తాపం పుట్టినా కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నారు. శస్త్రచికిత్స జరిగిన రెండు మూడు రోజులకు ఇది బాగా పెరిగి, సాధారణంగా కొన్ని వారాలలో తగ్గిపోతుంది. తగ్గవలసినది తగ్గకపోయినా, తగ్గి మళ్లీ పెరిగినా వైద్యులు అనుమానిస్తారు. ఎర్రకణాలు గాజునాళికలో ఎంత వేగంగా అడుగుకు చేరుతున్నాయో చూసే ఈ.ఎస్.ఆర్. పరీక్షనూ జతచేస్తారు.

అయితే రక్తం చెప్పేది ఒక సూచన మాత్రమే. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారిలో సూక్ష్మజీవులు లేకపోయినా ఈ కొలతలు పెరగవచ్చు. నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవులు ఉన్నప్పుడు కొలతలు మామూలుగానే ఉండవచ్చు. అందువలన కీలులోని ద్రవాన్ని సూదితో తీసి, అందులోని కణాలను లెక్కించి, సూక్ష్మజీవులను పెంచి చూసిన తరువాతనే నిర్ణయిస్తారు. ఏ సూక్ష్మజీవియో తేలిన పిదప వాడే మందులలో, కొన్ని సందర్భాలలో, ఆరియోమైసిన్ వంశానికి చెందిన డాక్సిసైక్లిన్ కూడా ఒకటి. కొలత చెప్పిన మాటను వినాలి. ఆ మాట వెనుక కారణాన్ని కూడా వెదకాలి. నీలిరంగు ఆలస్యమైనప్పుడు సుబ్బారావు చేసినది అదే.

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైంది. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా అర్హులైన వారందరికీ డీఈసీ మాత్రలు పంచే కార్యక్రమం దేశవ్యాప్తంగా సాగింది. కోనసీమ పల్లెలలోనూ ఆ మాత్రలు చేతికి అందాయి. వాటిని మింగినవారిలో చాలామందికి వాటి వెనుక ఉన్న మనిషి పేరు తెలియదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన విద్యార్థి, తక్కువ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిన వైద్యుడు, ఆసుపత్రిలో పాత్రలు కడిగిన పరదేశి తన ఇంటిలో జరిగిన మరణాలకు కారణం తెలుసుకోకుండా నిలువలేకపోయాడు. ఆ జిజ్ఞాసయే లోకానికి ఔషధమైంది. సుబ్బారావు గోదావరికి తిరిగి రాలేదు. ఆయన మందు మాత్రం వచ్చింది.